దారిలో సరుకు పాడైతే లారీ కంపెనీ మీద కేసు ఎవరిది? మనదా, బీమా కంపెనీదా?



పోయిన నెల గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. గూళ్ళ మూటలు వ్యానులో మార్కెట్‌కు పోతుంటే దారిలో వ్యాను బోల్తా పడింది అనుకుందాం. బీమా ఉంది. బీమా కంపెనీ డబ్బు ఇచ్చేసింది. అప్పుడు వ్యాను వాడు బతికిపోయినట్టేనా? బీమా కంపెనీ వాడి మీద కేసు వేస్తే మనం కోర్టు చుట్టూ తిరగాలా? తలా ఒక మాట చెప్పారు గానీ తేలలేదు. అందుకే ఈసారి రోగాలు, మందులు పక్కన పెట్టి ఈ సంగతి రాస్తున్నా.

దీనికి జవాబు చెప్పే కేసు ఒకటి మన పక్కనే, తమిళనాడు దిండిగల్‌లో మొదలైంది. అది పట్టుది కాదు, పత్తి నూలుది. కానీ నూలైనా గూడైనా లారీ ఎక్కాక చట్టం ఒకటే.

చరణ్ స్పిన్నింగ్ మిల్స్ అని ఒక నూలు మిల్లు. 1995–96 సంవత్సరానికి నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర తన సరుకుకు ట్రాన్సిట్ పాలసీ తీసుకుంది. అంటే లారీల్లో పంపే నూలుకు దారిలో నష్టం వస్తే కంపెనీ కట్టిస్తుంది. ఆ పాలసీ ఉండగా, 7 లక్షల 70 వేల పైచిలుకు విలువ చేసే హోజరీ నూలును ఎకనామిక్ ట్రాన్స్‌పోర్ట్ ఆర్గనైజేషన్ అనే లారీ సంస్థ ద్వారా కలకత్తాలో ఒక కొనుగోలుదారుకు పంపింది. దారిలో లారీకి ప్రమాదం జరిగి సరుకు పాడైంది. సర్వేయరు వచ్చి లెక్క కట్టాడు. బీమా కంపెనీ 4,47,436 రూపాయలకు క్లెయిము తేల్చి మిల్లుకు ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద మిల్లు చేత సంతకం పెట్టించుకుంది. అసలు గొడవంతా ఆ కాగితం దగ్గరే ఉంది, దాని దగ్గరకు మళ్ళీ వస్తా.

తర్వాత మిల్లు, బీమా కంపెనీ కలిసి దిండిగల్ జిల్లా వినియోగదారుల ఫోరంలో లారీ సంస్థ మీద కేసు వేశాయి. బీమా కంపెనీ కట్టిన డబ్బు వడ్డీతో తిరిగి ఇప్పించమని అడిగాయి. ఫోరం ఇమ్మంది. లారీ సంస్థ రాష్ట్ర కమిషన్‌కు పోయింది, అక్కడ ఓడింది. జాతీయ కమిషన్‌కు పోయింది, అక్కడా ఓడింది. 1999లో సుప్రీంకోర్టులో అప్పీలు నంబరు పడింది. ఆ అప్పీలు మీద తీర్పు వచ్చింది 2010 ఫిబ్రవరి 17న. మూడు చోట్ల తీర్పులు రావడానికి నాలుగేళ్ళు పట్టలేదు, నాలుగో చోట మాత్రం పదేళ్ళు దాటింది.

అన్నేళ్ళు ఎందుకు నిలిచింది? లారీ డ్రైవరు తప్పు చేశాడా లేదా అన్న దాని మీద కాదు. నూలు పాడైందా లేదా అన్నదాని మీదా కాదు. కేసు వేసింది ఎవరు, వేసే హక్కు వాళ్ళకు ఉందా అన్నదాని మీద. లారీ సంస్థ వాదన ఇది: మిల్లుకు డబ్బు వచ్చేసింది, తన హక్కు కూడా బీమా కంపెనీకి రాసిచ్చేసింది, కాబట్టి మిల్లుకు ఇక అడగడానికి ఏమీ లేదు. బీమా కంపెనీ చూస్తే మా దగ్గర సరుకు బుక్ చేసింది కాదు, మాకు బాడుగ కట్టింది కాదు, అది మాకు వినియోగదారు ఎలా అవుతుంది? ఇద్దరికీ ఫోరంలో చోటు లేదు.

వినడానికి తెలివైన వాదనే. అది తెలివైన వాదన మాత్రమే కాదు, దానికి బలం కూడా దొరికింది. ఈ అప్పీలు సుప్రీంకోర్టులో ఉండగానే, 2000లో, ఒబెరాయ్ ఫార్వర్డింగ్ ఏజెన్సీ అనే ఇంకో రవాణా సంస్థకూ న్యూ ఇండియా అష్యూరెన్స్ కంపెనీకీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టే రవాణా సంస్థ వైపు చెప్పింది. హక్కంతా బీమా కంపెనీకి రాసిచ్చాక ఫోరంలో కేసు నిలవదు అని. దాంతో దేశమంతా లారీ సంస్థలకు అదొక ఆయుధం అయిపోయింది. చివరికి ఆ తీర్పు సరైందా కాదా అన్నది తేల్చడానికి ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం కూర్చోవలసి వచ్చింది. ధర్మాసనం తరఫున తీర్పు రాసింది జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్.

ఇక ఆ కాగితం సంగతి.

బీమా కంపెనీ క్లెయిము డబ్బు ఇచ్చేముందు మన చేత పెట్టించుకునే కాగితాన్ని లెటర్ ఆఫ్ సబ్రొగేషన్ అంటారు. పేరు నోరు తిరగదు గానీ విషయం కష్టమేమీ కాదు. నా ఎద్దును ఎవరో గుద్ది కాలు విరగ్గొట్టాడు. వాడు డబ్బు ఇవ్వడం లేదు. మా మామ నాకు డబ్బు ఇచ్చి, "నీ తరఫున వాడి దగ్గర నేను వసూలు చేసుకుంటా" అన్నాడు. గుద్దినవాడి మీద హక్కు ఇంకా నాదే, కానీ నా చోట మామ నిలబడి అడుగుతాడు. అంతే సబ్రొగేషన్. ఇది కాగితం లేకపోయినా ఉంటుంది. బీమా డబ్బు ఇచ్చిన రోజే ఆ హక్కు న్యాయం ప్రకారం దానంతట అదే పుడుతుందని తీర్పులో చెప్పారు. లేకపోతే మనం బీమా దగ్గర ఒకసారి, లారీ వాడి దగ్గర ఒకసారి, ఒకే నష్టానికి రెండుసార్లు డబ్బు తీసుకుంటాం కదా.

అసైన్‌మెంట్ వేరు. అది పొలం అమ్మినట్టు. నా హక్కును పూర్తిగా వాళ్ళకు రాసిచ్చేయడం. రాసిచ్చాక ఆ హక్కు మీద నాకు ఏమీ మిగలదు. వాళ్ళు తమ సొంత పేరుతోనే సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు, ఎంత వచ్చినా వాళ్ళదే.

చిక్కేమిటంటే కంపెనీలు అచ్చు వేయించే కాగితంలో ఈ రెండూ కలిపేస్తాయి. "మా హక్కులన్నీ మీకు బదిలీ చేస్తున్నాం" అని ఒక లైను, "మా పేరుతో కేసు వేయడానికి మీకు అధికారం ఇస్తున్నాం" అని ఇంకో లైను, కింద స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ. దిండిగల్ మిల్లు పెట్టిన సంతకం కూడా అలాంటి కాగితం మీదే. అందులో బదిలీ అనే మాట పట్టుకునే లారీ సంస్థ 2010 దాకా లాగింది.

రాజ్యాంగ ధర్మాసనం ఏం చెప్పిందంటే, కాగితంలో బదిలీ అనే మాట ఉన్నంత మాత్రాన అది అమ్మకం అయిపోదు. కాగితం మొత్తం చూడాలి, ఎందుకు రాశారో చూడాలి. బీమా డబ్బు ఇచ్చి, ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి రాయించుకున్నదైతే అది సబ్రొగేషనే. అప్పుడు ఫోరంలో కేసు సరుకు పంపినవాడి పేరుతో వేయొచ్చు, వాడి తరఫున బీమా కంపెనీ వేయొచ్చు, ఇద్దరూ కలిసి వేయొచ్చు. అంతేగాని, సరుకు పంపినవాణ్ణి పూర్తిగా పక్కన పెట్టి, రాసిచ్చిన హక్కు చూపించి బీమా కంపెనీ ఒక్కటే వేస్తే ఫోరంలో నిలవదు, సివిల్ కోర్టుకు పోవాలి. ఒబెరాయ్ తీర్పు ఆ మేరకు తప్పన్నారు. లారీ సంస్థ అప్పీలు కొట్టేశారు.

నాకు ఈ తీర్పులో అన్నిటికన్నా పనికొచ్చేదనిపించింది డబ్బు పంపకం లెక్క. గూళ్ళ లెక్కలో చెప్తా.

మీ లాట్ విలువ 2 లక్షలు. మొత్తం పాడైంది. బీమా కంపెనీ ఏవో కోతలు కోసి 1 లక్ష 50 వేలు ఇచ్చింది. మీకింకా 50 వేలు నష్టం మిగిలింది. తర్వాత లారీ వాడి దగ్గర నుంచి కేసులో 1 లక్ష 50 వేలే వసూలైంది. ఇవి ఎవరివి? అంతా బీమా కంపెనీదే అనుకుంటారు చాలామంది. కాదు. కాగితం ఏమీ రాయకుండా, న్యాయం ప్రకారం పుట్టిన సబ్రొగేషన్ అయితే ముందు మీ నష్టం పూడాలి. మీ 50 వేలు మీరు తీసుకుంటారు, మిగతా లక్ష బీమా కంపెనీకి పోతుంది. లారీ వాడి దగ్గర 2 లక్షలూ వస్తే మీ 50 వేలు మీకు, వాళ్ళ లక్షన్నర వాళ్ళకు. సబ్రొగేషన్ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే పంపకం ఆ కాగితంలో రాసిన షరతుల ప్రకారం. ఇక సబ్రొగేషన్‌తో పాటు అసైన్‌మెంట్ కూడా కలిపి రాసి ఉంటే, 2 లక్షలు వసూలైనా మొత్తం బీమా కంపెనీ ఉంచుకోవచ్చు, తాను మీకు ఇచ్చినదానికన్నా ఎక్కువైనా సరే.

చూడండి, ఒకే ప్రమాదం, ఒకే లాట్, 50 వేలు మీకు వస్తాయా రావా అన్నది మీరు పెట్టే ఒక్క సంతకంలో ఉంది. దిండిగల్ మిల్లుది కూడా 7 లక్షల పైన సరుకు, చేతికి వచ్చిన బీమా నాలుగున్నర లక్షల లోపే కదా. డబ్బు అవసరంలో ఉన్నప్పుడు చెక్కు ముందు పెట్టి కాగితం ఇస్తే ఎవరు చదువుతారు? అయినా అడగొచ్చు. "మీరు ఇచ్చిన మొత్తం మేరకే నేను హక్కు ఇస్తాను, దానిపైన వచ్చేది నాది" అని ఒక లైను రాయించమని అడగండి. ఒప్పుకుంటారో లేదో వేరే సంగతి. అడగకపోతే మాత్రం రాదు.

ఇంకో మాట కూడా ఆ తీర్పులో ఉంది. లారీలో సరుకు పాడైతే డ్రైవరు అజాగ్రత్త ఏమిటో సరుకు యజమాని నిరూపించనక్కర్లేదు. 1865 నాటి క్యారియర్స్ చట్టం 9వ సెక్షన్‌లోనే అది ఉంది. ఆ పాత చట్టం పోయి, 2007లో చేసిన క్యారేజ్ బై రోడ్ చట్టం 2011 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 12వ సెక్షన్ అదే మాట చెప్తుంది. సరుకు సరిగ్గా ఎక్కించాం, పాడై చేరింది, ఇంతే మనం చూపాల్సింది. పిడుగు, వరద లాంటి దైవికం, యుద్ధం, అల్లర్లు, ప్రభుత్వ ఆదేశం లాంటివి అడ్డొచ్చాయని చూపించుకోవాల్సింది వాళ్ళే. రసీదు మీద ఓనర్స్ రిస్క్ అని ముద్ర కొట్టి ఉంటే ఇక ఏమీ రాదు అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. 2000లోనే నాథ్ బ్రదర్స్ కేసులో సుప్రీంకోర్టు, ఆ మాట రాసినంత మాత్రాన అజాగ్రత్తకు బాధ్యత పోదని చెప్పింది.

అయితే కొత్త చట్టంలో మనకు నష్టం చేసేది ఒకటుంది, ఇది బాగా గుర్తుంచుకోవాలి. రవాణా సంస్థ ఇవ్వాల్సిన డబ్బుకు హద్దు పెట్టారు. 2011 రూల్స్ ప్రకారం కట్టిన బాడుగకు పది రెట్లు, అది కూడా మనం చెప్పిన సరుకు విలువ దాటకుండా. మీ బాడుగ 3 వేలు అయితే 30 వేలే. 2 లక్షల గూళ్ళకు 30 వేలు! దీన్ని దాటాలంటే సరుకు విలువ ముందే రాయించి, వాళ్ళు పెట్టిన ఎక్కువ రిస్క్ రేటు కట్టి బుక్ చేయాలి. చాలా పార్సిల్ ఆఫీసుల్లో ఈ సంగతి మనం అడిగితేనే చెప్తారు. ఒప్పుకున్న గడువు లోపల జరిగే ఆలస్యానికైతే బాడుగ మొత్తం వరకే.

నూలుకూ గూళ్ళకూ తేడా వచ్చేది ఇక్కడే. నూలు బేళ్ళు సర్వేయరు వచ్చేదాకా గోడౌన్లో పడి ఉంటాయి. మన గూట్లో ప్రాణం ఉంది. చంద్రికల నుంచి విడిపించి మూట కట్టాక పట్టుమని నాలుగైదు రోజులు. ఆ తర్వాత చిలక బయటికి వస్తే ఆ గూడు రీలింగ్‌కు పనికిరాదు. తడిసినా, మూటలు నలిగినా లోపల ప్యూపా చచ్చి మరక పడుతుంది, మంచి లాట్ కూడా జిల్లి ధరకు పోతుంది. సర్వేయరు కోసం కూర్చుంటే మొత్తం పోతుంది, అమ్మేస్తే సాక్ష్యం పోతుంది. కాబట్టి ప్రమాదం జరిగిన రోజే బీమా ఆఫీసుకు ఫోన్ చేసి, మెసేజ్ కూడా పెట్టి, పాడైన సరుకు ఇన్ని రోజుల్లో అమ్మకపోతే పూర్తిగా పోతుందని రాతలో చెప్పండి. ఫోటోలు, వీడియో, తూకం చీటీ, పోలీసు స్టేషన్‌లో రాయించిన కాగితం ఉంచుకోండి. పాడైన గూళ్ళు మార్కెట్‌లో ఎంతకు పోయాయో ఆ బిల్లు కూడా. గూళ్ళ ధర రోజూ మారేది కాబట్టి, ఆ రోజు ఆ మార్కెట్‌లో అదే రకం గూళ్ళకు ఎంత పలికిందో చూపే వేలం చీటీ సంపాదించండి. రామనగరలోనైనా శిడ్లఘట్టలోనైనా హోసూరులోనైనా పక్క రైతు చీటీ నకలు దొరుకుతుంది. ఇది లేకపోతే సర్వేయరు తనకు తోచిన ధర వేస్తాడు.

బీమా డబ్బు వస్తుంది కదా అని లారీ వాణ్ణి వదిలేయడం కూడా ప్రమాదమే. ట్రాన్సిట్ పాలసీల్లో, రవాణా సంస్థ మీద హక్కు పోకుండా చూసుకోవడం సరుకు యజమాని బాధ్యత అని షరతు ఉంటుంది. 2007 చట్టం 16వ సెక్షన్ ప్రకారం రవాణా సంస్థకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా దావా వేయడానికి లేదు. నోటీసు గడువు 180 రోజులు. మనం నోటీసు ఇవ్వకపోతే బీమా కంపెనీకి నిలబడడానికి మన స్థానమే ఉండదు. అప్పుడు మన క్లెయిములోనే కోత పెడతారు. అలాగే బీమా వాళ్ళకు చెప్పకుండా లారీ వాడి దగ్గర ఐదో పదో వేలు తీసుకుని "ఇక మాకు ఏ బాకీ లేదు" అని రాసిచ్చేస్తే రెండు వైపులా పోతుంది.

వినియోగదారుల కమిషన్‌కు ఇప్పుడు మనం పోవచ్చా అని అడుగుతారు. దిండిగల్ కేసు పాతది కాబట్టి నడిచింది. 2003 మార్చి 15 నుంచి వచ్చిన సవరణతో, వ్యాపారం కోసం సేవ వాడుకున్నవాళ్ళను వినియోగదారుల లెక్కలోంచి తీసేశారు. అంటే అదే మిల్లు ఈరోజు పోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. కానీ సొంతంగా పని చేసుకుని బతుకుతెరువు కోసం వాడుకునేది వ్యాపారం కిందికి రాదని చట్టంలోనే వివరణ ఉంది. 2019 చట్టంలోనూ ఆ వివరణ ఉంది గానీ, అందులో కొన్న వస్తువుల మాటే ఉంది, సేవల మాట లేదు. రెండెకరాల మల్బరీ, ఇంటివాళ్ళే ఆకు కోసి మేపే రైతు ఆ వివరణ కిందికే వస్తాడని నా అభిప్రాయం. పెద్ద షెడ్లు, పదిమంది కూలీలు ఉన్నవాళ్ళతో మాత్రం లారీ వాళ్ళ లాయరు దీని మీద వాదన పెట్టకుండా ఉండడు. కమిషన్‌లో గడువు 2 సంవత్సరాలు. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. సివిల్ కోర్టులో సరుకు పాడైన దావాకు 3 సంవత్సరాలు, అక్కడ కోర్టు ఫీజు ఉంటుంది, మీకు తెలిసిందే ఆ నడక ఎలా ఉంటుందో.

ఒక సంగతి మాత్రం మిల్లు నుంచి నేర్చుకోవచ్చు. కేసు 2010 దాకా నడిచినా మిల్లుకు బీమా డబ్బు మొదట్లోనే వచ్చేసింది. అన్నేళ్ళు ఎదురు చూసింది బీమా కంపెనీ. ట్రాన్సిట్ పాలసీ లేకుండా ఉంటే ఆ ఎదురుచూపు మిల్లుదే అయ్యేది. మన పట్టుపురుగుల బీమా ఉన్న ఊళ్ళలో కూడా అది షెడ్డులో పంటకా, దారిలో సరుకుకా అన్నది పాలసీ కాగితం తీసి చూడండి. షెడ్డుకు మాత్రమే అయితే దారికి వేరే పాలసీ కావాలి. ఒక్కో రైతు విడిగా తీసుకోవడం కష్టం. నలుగురైదుగురు కలిసి ఒకే బండిలో పంపేవాళ్ళు, రైతు సంఘం పేరు మీద అడిగి చూడొచ్చు. అప్పుడు ఎవరి మూటలు ఎన్ని, తూకం ఎంత అన్నది ఎక్కించేటప్పుడే రాసుకోవాలి.

మనలో చాలామంది రసీదు లేకుండానే తెలిసిన టెంపోలో మూటలు వేసి వెనకాలే ఎక్కి కూర్చుంటారు. తెలిసినవాడే, నమ్మకమే. కానీ ఏదన్నా జరిగితే మీరు చెప్పిందంతా నోటిమాట అయిపోతుంది. కనీసం ఒక తెల్ల కాగితం మీద బండి నంబరు, తేదీ, మూటలు, తూకం, విలువ, బాడుగ రాసి డ్రైవరు సంతకం తీసుకోండి.

180 రోజుల లెక్క ప్రమాదం జరిగిన రోజు నుంచి కాదు, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అకనాలెడ్జ్‌మెంట్ కార్డు దాచుకోండి. ఎవరికైనా బీమా కంపెనీ నుంచి సంతకానికి కాగితం వచ్చి ఉంటే, పేర్లు, పాలసీ నంబరు, బ్యాంకు వివరాలు కనపడకుండా చేసి దాని ఫోటో గ్రూపులో పెట్టండి. అందులో బదిలీ అనే మాట ఎక్కడుందో కలిసి చదువుదాం.